పెట్టెలో దాచిన రెండవ యంత్రము

మా పుట్టినిల్లు వికారాబాదు, మెట్టినిల్లు తాండూరు. ఒకచోట అనంతగిరి కొండలు, మూసీనది పుట్టుక. మఱియొకచోట నాపబండల గనులు, కందిచేలు. రెండిటికిని సముద్రము బహుదూరము. అట్టి మా యింటి బిడ్డ, అమ్మమ్మగారింటికి బోయినప్పుడెల్ల కోటిపల్లి జలాశయమున పడవ నడిపి నీటియందు మక్కువ పెంచుకొని, స్కూబా విద్య నేర్చెను. విశాఖపట్టణము చెంత ఋషికొండకడ సముద్రమున మునుగబోయెదనని చెప్పగా మాకు గుండె జల్లుమనెను. అయినను వలదనక, అందుకు వలయు సాధనము లెట్టివో విచారించితిమి. సోదరీమణులారా, తెలిసినది చెప్పుచున్నాము.

నీట మునిగినవారు మూడు సంగతు లెఱుగవలయును: ఎంత లోతున నున్నాము? ఎంతసేపయ్యెను? సిలిండరులో గాలి యెంత మిగిలెను? సముద్రమున ప్రతి 10 మీటర్లకును ఒత్తిడి యొక వాతావరణము చొప్పున పెరుగును. కావున 10 మీటర్ల లోతున గాలి రెండింతలు, 20 మీటర్ల లోతున మూడింతలు ఖర్చగును. ఆ యొత్తిడికి గాలిలోని నత్రజని దేహమున కరగి చేరును. ఎక్కువసేపుండి త్వరగా పైకి వచ్చినచో నది బుడగలై ప్రాణముమీదికి దెచ్చును. 1908లో హాల్డేనను శాస్త్రజ్ఞుడు దీనికి పట్టికలు ప్రకటించెను. నేడు మణికట్టున కట్టుకొను చిన్న కంప్యూటరే యా లెక్క వేయుచుండును.

అది నీటిలో చెడినచో నేమి గతి? గాలికొఱకు బ్యాటరీ యక్కఱలేని ముల్లు గేజి యుండవలయును. దినమున కొకమాఱే మునుగువారికి దానితోపాటు లోతు గేజి, నీరు చొరని గడియారము, అచ్చుపట్టిక చాలును. పలుమాఱులు మునుగువారికి రెండవ కంప్యూటరు మేలు. ఏలయన, వెనుకటి మునకలో చేరిన నత్రజని కొంత దేహమున నిలిచియుండును. దానినిగూడ నది లెక్కించును. రెండును వేర్వేఱుగ చెప్పినచో, ముందుగా పైకి రమ్మనుదాని మాటయే వినవలయును.

ఇన్ని తెలిసియు మేమొక తప్పు చేసితిమి. రెండవ కంప్యూటరు కొనియిచ్చి, “బిడ్డా, వెలగల వస్తువు, పెట్టెలో భద్రముగా నుంచుము, మొదటిది చెడినప్పుడు తీసికొనుము” అంటిమి. ఆమె యట్లే చేసెను.

ఒకనాటి రెండవ మునకలో, 14 మీటర్ల లోతున, చేతి కంప్యూటరు ఆరిపోయెను. ఆమె తోడి యువతికి సైగచేసి, ముల్లు గేజిలో గాలి చూచుకొని, మెల్లగా పైకి లేచి, 5 మీటర్లకడ మూడు నిమిషములు నిలిచి, క్షేమముగా పడవ యెక్కెను. పెట్టె తెఱచి చూడగా రెండవది చక్కగా వెలిగి, ఆమె యానాడు నీరే ముట్టనట్లు పూర్తికాలము చూపెను! దానిని నమ్మి మూడవమాఱు దిగియున్నచో నేమగునో తలచిన నిప్పటికిని మాకు వణకు పుట్టును. గురువు 24 గంటలు నీట దిగవలదని యామెను నిలిపెను.

ఆ రాత్రి ఫోనులో బిడ్డ, “అమ్మా, అది నాతో దిగలేదు, దానికేమి తెలియును?” అనెను. మాకు బదులు తోచలేదు.

మంచి వస్తువును పెట్టెలో దాచుట మన యలవాటు. వెండిగిన్నెల కది తగును. ఆపదకై కొన్నదానికి తగదు. ఇపుడామె రెండవది కుడిచేతికి కట్టుకొనియే దిగుచున్నది. మీ పిల్లలు బయలుదేరునాడు “రెండవది కొంటివా?” అని మాత్రమే యడుగక, “కట్టుకొంటివా?” అని యడుగుడు.