టమోటా డబ్బా

సావనీరుకు ఏదైనా రాసి పంపమన్నారు. చదువును గురించి రాద్దామని కూర్చుంటే తిండి గుర్తుకొచ్చింది. హాస్టలులో పెరిగినవాడికి అంతకంటే ఏం గుర్తుంటుంది లెండి!

2014 వేసవిలో అమ్మ న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చింది. నాయన మాత్రం చేను విడిచి రానన్నాడు. పత్తికొండ, కర్నూలు, మహా అయితే తిరుపతి చూసిన మనిషి అమ్మ. ఒక ఆదివారం న్యూయార్కు తీసుకుపోయి, ఐదో అవెన్యూలో ఉన్న ఈటాలీ అనే ఇటాలియన్ అంగడి చూపించాను. అంగడి అంటే చిన్నమాట. ఒకవైపు సరుకులు అమ్ముతుంటారు, ఆ పక్కనే వండి వడ్డిస్తుంటారు. ఆస్కార్ ఫరినెట్టి అనే వ్యాపారి 2007లో ట్యూరిన్ పట్నంలో, మూతబడిన ఒక మద్యం ఫ్యాక్టరీలో మొదటిది పెట్టాడట. న్యూయార్కులోది 2010 ఆగస్టులో తెరిచారు. లోపల చలవరాతి బల్లల చుట్టూ జనం నిలబడే తింటున్నారు.

"కూర్చోనీకి తావు లేదా పాపం?" అంది అమ్మ.

బండచక్రాల్లాంటి జున్ను ముద్దల దగ్గర ఆగింది. ఇది రెండేళ్ళు మాగబెట్టినదని చెప్పాను. "మాగబెట్టినారా, మరిచిపోయినారా?" అంది. కొంచెం ముందుకు పోయాక ఒక పిండి పొట్లం చేతికి తీసుకుని, అద్దంలోంచి తడిమి తడిమి చూసినట్టు చూసింది. పోలెంటా అంటారు, మొక్కజొన్న రవ్వను మరిగే నీళ్ళలో పోసి కట్టెతో కలియబెడతారు, ఇటలీ ఉత్తరాన బీదసాదలు శతాబ్దాల తరబడి దానిమీదే బతికారు అన్నాను. "అట్ల చెప్పు! సంగటే గదరా! దీనికి ఇన్ని దీపాలెందుకు?" అని నవ్వింది. మా అమ్మ నవ్వితే చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూడాల్సిందే.

ఆ నవ్వు టమోటా డబ్బాల దగ్గర ఆగిపోయింది. గోడంతా డబ్బాలే. శాన్ మర్జానో రకం, వెసూవియస్ అగ్నిపర్వతం దాపున సార్నో లోయలో పండేది. పొడుగు కాయ, గింజ తక్కువ. ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా 1996 నుంచి ఐరోపా చట్టం రక్షణ ఉంది. నాకు తెలిసిందంతా ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను.

"ఎంతరా ఇది?"

"ఐదు డాలర్ల పైన. మన లెక్కలో మూడు వందలు దాటుతుందమ్మా."

అమ్మ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, "తొంభై ఆరా? మీ నాయన వంకలో పారబోసింది ఆ యేడే గదా" అంది.

నాకేమీ తెలియదు. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఆ కార్తీకంలో మెస్సు బిల్లు కట్టలేదని నోటీసు బోర్డులో నా పేరు పడింది. ఇంటికి కార్డు రాస్తే పది రోజుల్లో ఆరు వందలు మనియార్డరు వచ్చింది. టమోటా బాగా పలికిందనుకున్నాను. మిత్రులకు టీలు కూడా ఇప్పించాను.

"గంప ఐదు రూపాయలు గూడా పలకల్యా. బండి బాడుగకే చాలకపాయె. నలభై గంపలు వంకలో పోసి, ఆ పొద్దు రాత్రి నడిచొచ్చినాడు. ఎనుమును అమ్మి నీకు పంపితిమి."

"ఎనుము వట్టిపోయిందని రాస్తిరి గదమ్మా?"

"వట్టిపోవడమేంది! పూటకు మూడు లీటర్లు ఇస్తాండె. నీకు చెప్పొద్దన్యాడు మీ నాయన."

ఆ దూడను తల్లితోపాటే తోలుకుపోయారట. నేను సంక్రాంతికి పోయినప్పుడు కొట్టంలో గాటిపాడు ఖాళీగా ఉంటే, పొలం పనికి కొంచెం తీరిక దొరికిందిలే అని అమ్మతోనే అన్నాను. అదీ గుర్తొచ్చింది.

తరువాత బల్ల దగ్గర నిలబడి టమోటా పులుసు పోసిన పాస్తా తిన్నాము. ఉప్పు, కారం చాలలేదంది, కానీ ప్లేటులో ఏమీ మిగల్చలేదు. నేను ఒక డబ్బా కొన్నాను. వద్దంటుందనుకున్నాను, ఏమీ అనలేదు. ఇంట్లో దాంతో పప్పు చేసి, ఖాళీ డబ్బా కడిగి, అంచు రాయికి రుద్ది పెట్టెలో వేసుకుంది.

ఊరికి పోయాక ఫోను చేస్తే నాయన మాట్లాడాడు. డబ్బా మీది బొమ్మ చూశాడట. "కాయ మంచిదేరా, తోలు మందంగా ఉన్నట్టుంది, దూరం పోయినా నలగదు" అన్నాడు. కాసేపాగి, "ఆడ గంప ఎంత పలుకుతుందంట?" అని అడిగాడు.

ఆ సంగతి నేను కనుక్కోలేదు.