నాన్నగారి త్రాసు

ఖరగ్‌పూర్ పట్టణంలో తెలుగు మాట వినబడని పేట అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ వెలసిన నాటినుండి ఉత్తరాంధ్ర పల్లెల కార్మికులు కుటుంబాలతో తరలివచ్చి స్థిరపడ్డారు. వారితోపాటు వారి వంటింటి అవసరాలు తీర్చే చిన్న వర్తకులు కూడా వచ్చారు. అటువంటి వర్తకులలో మా నాన్నగారు ఒకరు.

విజయనగరం ప్రాంతపు పల్లెలో పుట్టిన నాన్నగారు, వర్క్‌షాపులో ఖలాసీగా ఉన్న తమ మేనమామగారి వెంట 1956లో ఈ ఊరు చేరారు. రైల్వేలో కొలువు దొరకలేదు. గోల్ బజార్ సమీపంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కిరాణా కొట్టు పెట్టారు. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరప, నువ్వుల నూనె, ఇవే ఆయన సరుకులు. తెల్లవారుజామున తెలుగు బైబిలులో ఒక అధ్యాయం చదివి, ప్రార్థన ముగించి కొట్టు తెరిచేవారు. తెరవగానే త్రాసు పళ్లాలను పొడిగుడ్డతో తుడిచి, ముల్లు నిలకడగా నడిమికి వచ్చేవరకు చూచేవారు. తప్పుడు త్రాసును గర్హించే మాట సామెతల గ్రంథంలో ఉన్నదని మాకు ఒక్కసారి చెప్పారు. మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. కొట్టుకు వచ్చేవారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఉండేవారు. ఎవరికీ ఆయన మతబోధ చేయగా మేము వినలేదు. పెద్దలకు తూచినట్లే చిల్లర పట్టుకుని వచ్చిన పసిపిల్లలకూ తూచేవారు.

ఆదివారం మాత్రం కొట్టు తెరిచేవారు కాదు. జీతాలు అందిన వెంటనే వచ్చే ఆదివారం వర్తకులకు పండుగ వంటిది. ఆనాడు పొరుగు దుకాణాలు కిటకిటలాడుతూ ఉంటే, మా కొట్టు తలుపులు మూసి ఉండేవి. మేమంతా ఉతికిన బట్టలు కట్టుకుని తెలుగు ఆరాధనకు నడిచి వెళ్లేవాళ్లం. అమ్మ అప్పుడప్పుడు విసుక్కునేది. "ఆరు రోజుల్లో రానిది ఏడో రోజున వస్తుందా?" అని నాన్నగారు నవ్వి ఊరుకునేవారు.

ఆయన విశ్వాసానికి అసలైన పరీక్ష 1974లో వచ్చింది. ఆ సంవత్సరం మే 8 నుండి ఇరవై రోజులపాటు దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. రైల్వే జీతం మీదనే బ్రతికే ఈ పట్టణంలో ఇళ్లకు డబ్బు రావడం ఆగిపోయింది. కొందరు అరెస్టయ్యారు, కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. చాలా దుకాణాల్లో అరువు ఇవ్వడం మానేశారు. అందుకు వారిని తప్పు పట్టలేము, వారికీ సంసారాలు ఉన్నాయి. నాన్నగారు మాత్రం ఖాతా పుస్తకం మూయలేదు. హోల్‌సేల్ వర్తకులు తమ బాకీ కోసం ఒత్తిడి చేయగా, అమ్మ తన చేతి గాజులు తీసి ఇచ్చింది. ఆ ఏడు మా అక్క చదువు ఆగిపోయింది. ఊరివారి అన్నం కోసం ఇంటి బిడ్డ చదువు ఆపడం న్యాయమా అని అక్క సూటిగా అడిగింది. నాన్నగారు జవాబు చెప్పలేకపోయారు. మరుసటి సంవత్సరం ఆమెను తిరిగి బడిలో చేర్పించి, తమ సైకిలు అమ్మి పుస్తకాలు కొన్నారు. ఆ ప్రశ్నకు మాలో నేటికీ ఒక్క సమాధానం లేదు.

1977లో కేంద్రంలో ప్రభుత్వం మారిన పిమ్మట, సమ్మెలో తొలగింపబడిన పలువురు తిరిగి విధుల్లో చేరారు. వారిలో ఒక ఖలాసీ మూడేళ్ల బాకీని నాలుగు నెలల్లో వాయిదాలుగా తీర్చాడు. చివరి వాయిదా నాడు భార్యాబిడ్డలను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. కొందరు తీర్చలేకపోయారు. ఆ పద్దులు కొట్టివేయమని అమ్మ అన్నప్పుడు, "కొట్టివేస్తే తీర్చాలనుకున్న వాడి మర్యాద పోతుంది, అడిగితే మన మర్యాద పోతుంది, అలాగే ఉండనీ" అన్నారు. అమ్మ గాజులలో ఒక జత తిరిగి రాలేదు. ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

నాన్నగారు 2004లో ప్రభువునందు నిద్రించారు. పట్టణం వెలుపల నేడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉన్నది. దానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఈ జిల్లాలోని బీర్‌సింగా గ్రామంలో 1820లో జన్మించారు. క్రైస్తవ మతం స్వీకరించిన కవి మైకేల్ మధుసూదన్ దత్తు ఫ్రాన్సులో అప్పుల పాలై చిక్కుకున్నప్పుడు, ఆయనకు డబ్బు పంపి ఆదుకున్నది ఈ బ్రాహ్మణ పండితుడే. నాన్నగారికి ఈ కథ తెలుసునో లేదో మేము ఎరుగము. తెలిస్తే సంతోషించి ఉండేవారు.

మాలో పెద్దవాడు మన సంస్థలో ఉద్యోగి. అక్క ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసింది. చిన్నవాడు ఆ పార్కులోని ఒక క్యాంటీనుకు పప్పూ బియ్యమూ సరఫరా చేస్తున్నాడు. ఇప్పుడు తూకం ఎలక్ట్రానిక్ యంత్రం మీద జరుగుతుంది, బాకీలు కంప్యూటరులో ఉంటాయి. అయినా బస్తా ఎక్కించే ముందు యంత్రం సున్నా చూపుతున్నదో లేదో వాడు తప్పక చూస్తాడు. ఆదివారం సరఫరా లేదని ఒప్పందంలో ముందే వ్రాయించుకున్నాడు.

ఆస్తి అని చెప్పుకోదగినది నాన్నగారు మాకు ఏమీ మిగల్చలేదు. భక్తి అనేది ప్రార్థన ముగిసి కొట్టు తలుపు తెరిచిన తర్వాత మొదలవుతుందని మాత్రం ఆయన బ్రతికి చూపారు. కార్యాలయంలో ఫైలు పట్టినా, యంత్రం వద్ద నిలిచినా, వంటింట్లో సోల పట్టినా, మన చేతిలో కూడా ఒక త్రాసు ఉంటుంది. దాని ముల్లు ఎటు మొగ్గుతున్నదో ఎదుటివారికి తెలియకపోవచ్చు, మనకు తెలుస్తుంది.