జిగణి దాకా మూడో సిలిండర్

తెల్లవారుజామున అయిదింటికి అనంతపురంలో బయల్దేరాను. బండి మా నాన్న 1998లో కొన్న మారుతి 800. ఆయన పోయాక అమ్మేయమని చాలామంది చెప్పారు, నాకు మనసు రాలేదు. మూడు నెలలుగా మిస్సింగ్ కొడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, స్టీరింగ్, సీటు, తలుపులు అన్నీ వణుకుతాయి. మా ఊళ్లో ఒకాయన ప్లగ్గులు మార్చాడు. ఇంకొకాయన ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, కార్బురేటర్ కిట్ మార్చాడు. డబ్బు పోయింది గానీ వణుకు పోలేదు. జిగణిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసే మా బావమరిది ఫోన్‌లో, "ఇక్కడ ఒకాయన ఉన్నాడు బావా, పాత ఇంజిన్లు బాగా చూస్తాడు, తీసుకొచ్చేయ్" అన్నాడు.

హైవే మీద బండి ఏ రోగమూ లేనట్టు నడిచింది. మరూరు టోల్‌గేటు దగ్గర ఆగగానే వణుకు. మళ్లీ వేగం అందుకోగానే మాయం. 2019 నుంచి కొత్త కార్లు తయారవుతున్న ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ ముందు నుంచి అరవైలో నిమ్మళంగా సాగిపోయింది. బాగేపల్లి టోల్ దగ్గర మళ్లీ అదే కథ. హెబ్బాళ దాటాక బెంగళూరు ట్రాఫిక్‌లో రెండుసార్లు ఆగిపోయింది. బొమ్మసంద్రలో, 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైను ఆఖరి స్టేషను కనబడ్డాక గానీ నాకు ఊపిరాడలేదు. అక్కడి నుంచి జిగణికి లింక్ రోడ్డు.

జిగణి అంటే రాయి. రోడ్డు పక్కన నిలబెట్టిన గ్రానైట్ పలకలు, కోత మిషన్ల రొద, చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. ఆనేకల్ తాలూకా కదా, తమిళనాడు సరిహద్దు దగ్గరే. టీ కొట్టు ముందు నిలబడితే కన్నడం, తమిళం, తెలుగు మూడూ చెవిన పడతాయి.

మెకానిక్ కుప్పం వైపు మనిషి, అరవై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తకముందే, "ఇంతకుముందు ఎవరెవరు ఏమేమి మార్చినారు, అది చెప్పండి సార్" అన్నాడు. అంతా విన్నాడు. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే లాగాడు. మొదటిది లాగితే ఇంజిన్ కుంగింది, రెండోదానికీ కుంగింది. మూడోది లాగితే తేడా ఏమీ లేదు. మూడు సిలిండర్ల బండిలో ఒకటి ఉత్తదే తిరుగుతోందన్నమాట.

"కరెంటు వస్తా ఉండాది, పెట్రోలు వస్తా ఉండాది. గాలి నిలవడం లేదు సార్."

మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసేసి, కంప్రెషన్ గేజ్ బిగించాడు. నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. మొదటి సిలిండర్‌కు ముల్లు ఒక్క ఊపులో పైకి లేచి, నాలుగైదు తిరుగుళ్లకు 150 పీఎస్‌ఐ దగ్గర నిలిచింది. రెండోది 145. మూడోదానికి ముల్లు బద్ధకంగా లేచి, 80 దాటనంటే దాటనంది. ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ ఆ ప్లగ్ రంధ్రంలో పోసి మళ్లీ కొట్టించాడు. 85. రింగులు అరిగి ఉంటే ఆయిల్ సందులు మూసి, అంకె బాగా పెరగాలి. పెరగలేదు కాబట్టి తప్పు పైన, వాల్వుల్లో. పక్కపక్క రెండు సిలిండర్లూ తగ్గి ఉంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించేవాణ్ణి అన్నాడు.

తర్వాత మూడో సిలిండర్‌లో రెండు వాల్వులూ మూసుకునేలా ఇంజిన్ నిలిపి, కంప్రెసర్ గాలి ఎక్కించాడు. కార్బురేటర్ దగ్గర చప్పుడు లేదు. సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టమన్నాడు. సన్నగా గాలి తగిలింది. ఎగ్జాస్ట్ వాల్వు.

మర్నాడు హెడ్ దించారు. ఆ వాల్వు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గుండ్రటి అంచులో ఒకచోట ఎలుక కొరికినట్టు కాలిపోయిన గాటు. ట్యాపెట్ గ్యాప్ బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా మూసుకోదట. మూసుకుని సీటుకు ఆనినప్పుడే దాని వేడి హెడ్‌లోకి దిగిపోతుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది. హైవే మీద వణుకు ఎందుకు కనబడలేదో అప్పుడు అర్థమైంది: వేగంగా తిరిగేటప్పుడు గాలి కారిపోవడానికి వ్యవధి దొరకదు. ప్లగ్గులు మార్చినా, కార్బురేటర్ మార్చినా ఈ గాటు పూడదు కదా.

లేత్ షాపులో సీటు కోయించి, కొత్త వాల్వు పేస్టుతో నూరి కూర్చోబెట్టారు. హెడ్ తిరగేసి పెట్రోలు పోసి, చుక్క కారడం లేదని నాకు చూపించాకే బిగించారు. ట్యాపెట్లన్నీ ఫీలర్ గేజ్‌తో సరిచేశారు. మళ్లీ కొలిస్తే మూడోది 148. వస్తూ మరూరు దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించి చూశాను, కదలిక లేదు.

మీ పాత బండి మిస్సింగ్ కొడితే ఏ సామానూ కొనకముందు కంప్రెషన్ కొలవమనండి, అరగంట పని. మీ మెకానిక్ దగ్గర గేజ్ లేకపోతే మీరే ఒకటి కొనివ్వండి. మీ తర్వాత వచ్చే బండికీ పనికొస్తుంది.