వస్తుందని రాసి, రాని ఆట
చిన్నప్పుడు కురబలకోటలో సెలవులొస్తే మాకు వీడియో గేమే లోకం. క్యాసెట్టు పెట్టినా బొమ్మ రాకపోతే బయటికి తీసి, కింద పిన్నుల మీద ఉఫ్‌మని ఊది మళ్లీ దూర్చేవాళ్లం.

రాత్రి ‘ది లాస్ట్ స్టార్‌ఫైటర్’ చూశాను. 1984 జులైలో వచ్చిన సినిమా. చివర్లో పేర్లు పడేటప్పుడు, దీని వీడియో గేమ్ అటారీ అనే ఆటల కంపెనీ నుంచి వస్తుందని ఉంది. రాలేదు. అదే నెలలో అటారీ ఇంటి ఆటల వ్యాపారం చేతులు మారింది. ఆ కంపెనీ ఆట యంత్రం అటారీ 2600 కోసం మొదలుపెట్టిన ఆట మాత్రం పేరు మార్చుకుని 1986లో ‘సొలారిస్’గా బయటికొచ్చింది. పేరు పోయినా పడ్డ కష్టం బతికింది. మనసు నిండింది.

కొన్ని ఆటలకు ఆ అదృష్టమూ లేదు. ఎక్కడో దొరికిన నమూనా క్యాసెట్టే వాటికి సాక్ష్యం.

మీ అటక మీద పాత క్యాసెట్లుంటే పాత సామాన్ల బండికి వేసేయకండి. దుమ్ము తుడిచి దాచండి.