బాలింత తలనొప్పి, నూరు వాట్ల రేడియో

మా ఇంట్లో మేమిద్దరమూ డాక్టర్లమే. ఇద్దరమూ హైదరాబాదులో ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళమే. అంచేత కిందటేడు పాప పుట్టినప్పుడు షాంటిలీలో మిత్రులంతా "మీకేం, వైద్యం ఇంట్లోనే వుంది" అన్నారు. మేమూ అలాగే అనుకున్నాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

పురిటికి సాయంగా అమ్మ వచ్చింది. మాలో ఒకరికి అమ్మ, ఇంకొకరికి అత్తమ్మ. ఈ ముక్కలు రాస్తున్నది ఎవరో చెప్పం, తప్పు ఇద్దరిదీ గనక. కాన్పయిన ఆరో రోజున తలనొప్పి మొదలైంది. నిద్ర లేదు గదా అనుకుని టైలెనాల్ వేశాం. మర్నాడూ తగ్గలేదు. డల్లెస్ విమానాల రొద మీదికి నెట్టాం. అమ్మ మాత్రం వదల్లేదు.

"రెండు దినాల సంది తలకాయ నొస్తున్నదంటున్నది. కండ్లు మసకలు కమ్ముతున్నయట. మీరు డాక్టర్లు గాదా, జర బీపీ సూడుండ్రి!"

చూస్తే 168/112. నెలలు నిండేదాకా ఏనాడూ లేని బీపీ. ఆ రాత్రే ఆసుపత్రిలో మెగ్నీషియం ఎక్కించారు. ఇంకొన్ని గంటలు ఆగివుంటే గుర్రపువాతం వచ్చేదేమో. ఇది కాన్పుతో గడిచిపోయే గండం కాదు, తరవాత ఆరు వారాల దాకా రావచ్చు. ఈ మాట మేము పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే! ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితాల్లోనూ వుంది. ఆ కాగితాలు ఫ్రిజ్ మీద వున్నాయి. చదవగలిగిన మేము తెరవలేదు. ఇంగ్లీషు రాని అమ్మ కనిపెట్టింది.

నీకెలా తెలుసమ్మా అని అడిగాం. రేడియోలో విన్నదో, విన్న పక్కింటావిడ చెప్పిందో గుర్తులేదంది.

అమ్మ వాళ్ళది జహీరాబాదు దగ్గరి పల్లె. అక్కడ మాచనూరులో సంగం రేడియో వుంది, 90.4 ఎఫ్.ఎం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల దళిత స్త్రీలే నడిపిస్తారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో గాని రాలేదు. అందాకా వీళ్ళు ఊరుకోలేదు. 1998 నుంచీ కేసెట్ల మీద రికార్డు చేసి సంగం కూడినప్పుడల్లా వినిపించారు. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. విత్తనాలు, వంటలు, పాటలు, ఒంటి సంగతులు, అన్నీ ఆ ఊళ్ళ యాసలోనే. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15నే మొదలైందనుకోండి. కాని బండి వుంటే చాలదు. దాన్ని ఎప్పుడు పిలవాలో అత్తగారికీ ఆడబిడ్డకీ కూడా తెలియాలి, ఎందుకంటే బాలింత మాట మీద బండి కదిలే ఇళ్ళు తక్కువ. మా ఇల్లూ ఆ కోవలోదేనని తేలింది.

అలాంటి స్టేషనుకి ఇచ్చే బలం మామూలుగా నూరు వాట్లకు మించదు. అమెరికాలో 2000లో అనుమతించిన చిన్న ఎఫ్.ఎం. స్టేషన్లకూ నూరే. పాతకాలపు పెద్ద బల్బంత!

ఇక్కడ 911 వుంది, పెద్ద ఆసుపత్రులున్నాయి. అయినా 2017-2019 మధ్య ఈ దేశంలో జరిగిన ప్రసూతి మరణాల్లో నూటికి 80కి పైగా తప్పించదగ్గవేనని సమీక్షించినవాళ్ళు తేల్చారు. సగానికి పైగా కాన్పయిన వారం దాటాకే జరిగాయి. అంటే ఇంట్లో అమ్మో అత్తమ్మో కషాయం కాస్తున్న రోజుల్లో.

మనకి షాంటిలీలో స్టేషను లేదు. కేసెట్టుకైతే అడ్డు లేదు గదా అని, అమ్మ తిరిగి వెళ్ళేలోగా ఫోనులో రికార్డు చేశాం. మేము రాసిచ్చినది చదవనంది. "గిది బుక్కు లెక్క వున్నది" అని పక్కన పెట్టి తనే చెప్పింది: తగ్గని తలనొప్పి, కళ్ళ మసక, డొక్కలో కుడిపక్క నొప్పి, ఆయాసం, ఆగని రక్తం, జ్వరం. ఇవి కనబడితే పొద్దున చూద్దామనొద్దంది. నాలుగు నిమిషాలు. మధ్యలో పాప ఏడుపు కూడా పడింది, తీసెయ్యలేదు.

వచ్చే నెల సంఘం విందులో, భోజనాలకి ముందు, అది వినిపించడానికి కార్యవర్గం ఒప్పుకుంది. అమ్మమ్మలనూ నాయనమ్మలనూ వెంట తీసుకురండి. భోజనాలయ్యాక వినిపిద్దామని ఒకరన్నారు గాని, అప్పటికి సగం మంది కార్లలో వుంటారని మేము ఒప్పుకోలేదు.