ఆది చక్రం

మా తులసికోట పక్కన ఇరవై రోజుల పాటు ఓ పాత ఇనప చక్రం ఉంది. పొద్దున్నే ముగ్గేసేటప్పుడు దాని చుట్టూ తిరిగి వెయ్యాల్సి వచ్చేది. పక్కింటి పిన్నిగారు చూసి, "ఏంటమ్మాయ్, చక్రానికి కూడా పూజలు మొదలెట్టావా?" అని ఆటపట్టించారు. "అది మా ఆది చక్రం పిన్నిగారూ" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను.

మాది ఏలూరు. మావారు 2018లో టాటా ఏస్ కొన్నారు. తెల్లవారకుండానే తాడేపల్లిగూడెం మార్కెట్‌కి వెళ్ళి, ఉల్లిపాయల బస్తాలు వేసుకుని, మండవల్లి, కైకలూరు వైపు కిరాణా కొట్లకి అందించి రావడం ఆయన పని. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, మా అత్తగారి మందులు అన్నీ ఆ బండి మీదే నడిచాయి. పోయినేడు ఆయన నడుము దెబ్బతింది. ఇక స్టీరింగు పట్టొద్దన్నారు డాక్టరుగారు.

మా పెద్దాడు అప్పటికి డిగ్రీ అయి, గ్రూప్ పరీక్షలకి చదువుకుంటున్నాడు. ఆ రాత్రి ఎవరూ అడక్కుండానే మేకుకి వేలాడుతున్న బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. కొన్నాళ్ళేగా అనుకున్నాం అందరం. ఏడాది దాటింది. వాడి పుస్తకాలు అటకెక్కాయి. వాడు ఒక్క మాట అనలేదు, మేమూ అడగలేదు.

శ్రావణమాసంలో ఓ సాయంత్రం వీధిలో బండి ఆగితే, అది మాదని నేను గుర్తుపట్టలేదు. రెండంగుళాలు కిందకి దిగి, నేలని తాకుతున్నట్టుంది. నాలుగు వైపులా తళతళలాడే అల్లాయ్ చక్రాలు. ఎవరిదో కారుకి తీసేసినవి ఇరవై రెండు వేలకి కొన్నాడట. కమాను కట్టల్లోంచి ఒక్కో పట్టీ తీయించి బండిని కిందకి దించాడట. ఫోనులో వీడియోలు చూపించాడు. అమెరికాలో కుర్రాళ్ళు యాభై ఏళ్ళ కిందటే చిన్న ట్రక్కుల్ని ఇలా దించి తిరిగేవాళ్ళట. జపాన్‌లో బుల్లి ట్రక్కులకి మన ఏస్‌కి ఉండే 145 ఆర్ 12 టైరే వేస్తారట, వాటినీ ఇలాగే ముస్తాబు చేస్తారట. వాడి మొహంలో అంత వెలుగు చూసి ఏడాదైంది.

మావారు బయటికొచ్చి చూశారు. ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి తండ్రీ కొడుకుల భోజనాలు వేరే వేళల్లో. ఉల్లిపాయల లెక్కలు కూడా నా ద్వారానే నడిచేవి.

పదో రోజు రాత్రి ఫోను. "అమ్మా, నాన్నకి చెప్పకు." మండవల్లి దాటాక చెరువుల మధ్య రోడ్డులో మలుపు తిరుగుతుంటే కాలిన రబ్బరు వాసన వచ్చిందట. దిగి చూస్తే వెనక టైరు తొట్టి అంచుకి రాసుకుని పక్కన కోసుకుపోయింది. పైన పదిహేను బస్తాల ఉల్లిపాయలు, చుట్టూ చేపల చెరువులు, చీకటి. మా తమ్ముడు మెకానిక్‌ని తీసుకుని వెళ్ళాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి రెండు దాటింది. నేను అరుగు మీదే కూర్చున్నాను. లోపల మావారు అటు తిరిగి పడుకున్నారు గానీ, నిద్రపోలేదని నాకు తెలుసు.

అన్నం పెడుతూ అడిగాను, "ఎందుకురా నాన్నా ఇదంతా?" అని. ముద్ద చేతిలోనే ఉంచుకుని అన్నాడు: "నాన్న బండి, నాన్న కొట్లు, నాన్న ఖాతాలు. అందులో నాదంటూ ఒక్కటైనా ఉండొద్దా అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. వాడు ఇంటికోసం ఏం చేశాడో పదిమందికీ చెప్పుకున్నాను. ఏం వదులుకున్నాడో వాణ్ణి ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు వాడితో పాటు నేనూ మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. బండి కొన్న దగ్గర్నుంచీ చూస్తున్న పెద్దాయన. అల్లాయ్ చక్రాన్ని పాత ఇనప డిస్కు పక్కన పెట్టి, "చూడు చెల్లెమ్మా, రెండూ గుండ్రంగానే ఉంటాయి. తేడా కొలతల్లో ఉంటుంది" అన్నాడు.

ఆయన చెబుతుంటే నాకు మన గాజులు గుర్తొచ్చాయి. రెండు నాలుగు చేతికి రెండు ఎనిమిది వేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, చెయ్యి దించగానే జారుతుంది. చక్రం మధ్య రంధ్రమూ అంతే. బండి హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి. వదులైతే చక్రం నడిమధ్యన కుదురుకోదు, బండి వణుకుతుంది. బోల్టు రంధ్రాలు కూడా ఒక వలయం మీద ఉంటాయి, ఆ వలయం కొలత మిల్లీమీటరు తేడా లేకుండా కలవాలి. మావాడి చక్రాలకి కలవక, మధ్యలో స్పేసర్లు పెట్టి బిగించారట. దాంతో చక్రం రెండు వేళ్ళ మేర బయటికి జరిగింది. రాసుకోవడానికి అది ఒక కారణం.

రెండోది ఆఫ్‌సెట్. చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యన గీత గీస్తే, బండికి ఆనుకునే ముఖం ఆ గీతకి ఎంత దూరంలో ఉందన్న లెక్క. అది మారితే చక్రం లోపలికి జరిగి కమానుకి రాసుకుంటుంది, లేదా బయటికి జరిగి తొట్టికి రాసుకుంటుంది, బేరింగుల మీద కూడా భారం పడుతుంది.

మూడోది వింటుంటే నా గుండె ఝల్లుమంది. టైరు పక్కన చిన్నగా ఒక అంకె ఉంటుంది, అది మోయగలిగే బరువు. మా పాత టైరు మీద 86 అని ఉంది, అంటే 530 కిలోలు. కారు టైరు మీద 75, అంటే 387 కిలోలు. వెనక రెండు టైర్లకి కలిపి లెక్కేశాను. 1060 కిలోలు మోసేచోట 774 మోసేవి వేసుకుని, ముప్పాతిక టన్ను సరుకుతో నా కొడుకు పది రోజులు తిరిగాడు. బండి బరువు అదనం. పైగా అవి 14 అంగుళాల చక్రాలు. టైరుతో కలిపి పాతదానికంటే కాస్త ఎత్తు. కిందకి దించిన బండికి ఇంకాస్త పెద్ద చక్రమన్నమాట.

"ఖాళీ బండిలో అన్నీ సరిపోతాయి. లోడు వేసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, అప్పుడు సందు చూడాలి" అన్నాడు మేస్త్రీ. మా టైలరు కూడా కొత్త జాకెట్టు వేసుకున్నాక చేతులు పైకెత్తి చూపించమంటుంది. నిలబడి అద్దంలో చూసుకుంటే ఏ జాకెట్టైనా బాగానే ఉంటుంది.

అప్పుడే అన్నాను, "ఆది జాకెట్టు ఇవ్వకుండా ఎవరైనా కుట్టిస్తార్రా? చక్రాలు మార్చుకో, కాదనను. ఈ పాత డిస్కు వెంట తీసుకెళ్ళి, దీన్ని ఆది పెట్టి కొను." మావాడు నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. "అమ్మ చెప్పిందే లెక్క" అన్నాడు. అలా ఆ చక్రం మా తులసికోట దగ్గరకి చేరింది.

ఇక మిగిలింది బండి ఎత్తు. ఇన్సూరెన్సు పని చేసే మా తమ్ముడు చట్టం చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతల్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. పట్టుబడితే ఒక్కో మార్పుకి అయిదు వేల దాకా జరిమానా, ఫిట్‌నెస్ పరీక్షలో ఇబ్బంది వేరే. మావాడు తల దించుకుని విన్నాడు గానీ ఊఁ అనలేదు.

ఆ రాత్రి మావారే నోరు విప్పారు. గోడకేసి చూస్తూ, నాతో చెబుతున్నట్టు అన్నారు: "2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళన్నీ కొల్లేట్లోకి వచ్చినప్పుడు, చిన్న ఎడ్లగాడి దగ్గర రోడ్డు మునిగింది. నీళ్ళ అంచుదాకా ఈ బండి మీదే బియ్యం బస్తాలు, మంచినీళ్ళ డబ్బాలు తీసుకెళ్ళాను. అక్కణ్ణుంచి పడవల మీద ఊళ్ళలోకి పట్టుకెళ్ళారు. గుంటలు పడిన ఆ రోడ్డు మీద, కమాన్లు ఇలా తీసేసి ఉంటే ఏలూరు కూడా దాటేవాణ్ణి కాదు."

కాసేపాగి, ఈసారి వాడి వైపు తిరిగి అన్నారు. "చక్రాలు నీ ఇష్టంరా. కమాన్లు మాత్రం వేయించు. వచ్చే సంవత్సరం పరీక్షలు ఎప్పుడో కూడా చూసుకో. నెలకి పది రోజులు డ్రైవర్ని పెట్టుకుందాం. నేను పక్కన కూర్చుని వెళ్తాను."

మావాడు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఆయన మంచినీళ్ళ చెంబు నింపి తెచ్చి పెట్టాడు.

తీసేసిన పట్టీలు మళ్ళీ కమానులోకి వెళ్ళాయి. విజయవాడ ఆటోనగర్‌కి రెండుసార్లు తిరిగారు, ఆది చక్రాన్ని గోనెసంచిలో చుట్టుకుని. మూడోసారి అదే 12 అంగుళాల కొలతలో, రంధ్రాలూ ఆఫ్‌సెట్టూ కలిసి, మోయగల బరువు వెనకవైపు అచ్చుపోసి ఉన్న అల్లాయ్ చక్రాలు దొరికాయి. మునుపటివాటంత తళుకు లేదు. ముదురు బూడిద రంగు. మావాడే ఎంచుకున్నాడు. టైర్లు మాత్రం పాత కొలతవే.

బిగించేటప్పుడు నడుముకి బెల్టు పెట్టుకుని మావారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "వరసగా కాదురా, ఎదురెదురు నట్లు బిగించు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఓసారి బిగించాలి" అన్నారు.

మర్నాడు వాడు గూడెం వెళ్ళాడు. ఇక్కణ్ణుంచి సుమారు యాభై, తిరిగి రావడం యాభై. పది గంటలకి నేను వీధిలోకి వస్తే, మావారు అరుగు మీద కూర్చుని ఉన్నారు, ఒళ్ళో స్పానర్ పెట్టుకుని.

"ఎండలో ఎందుకండీ, వాడొచ్చాక పిలుస్తాలెండి" అన్నాను.

"వంద అయిపోతుంది ఇంకాసేపట్లో" అన్నారు, రోడ్డు వైపు చూస్తూనే.