నాన్న వేసిన అడుగుల్లో

బెర్లిన్‌కు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో వ్యూన్స్‌డోర్ఫ్ అనే ఊరుంది. ఆ ఊరి స్టేషన్‌కు తూర్పున, పైన్ చెట్ల అడవిలో, మన సైనికుల శ్మశానం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడి, చెరలోనే చనిపోయిన 206 మంది భారతీయులకు అక్కడ రాళ్ళు నిలబెట్టారు. అక్కడిదాకా బస్సు లేదు. రైలు దిగి, ఊరు దాటి, అడవి దారిన గంటకు పైగా నడవాలి.

నాన్న సైన్యంలో ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మిలిటరీ మాధవరం మాకు పొరుగూరే. మొదటి యుద్ధానికే ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. అక్కడి పిల్లలతో కలిసి ఆడుకుని, వాళ్ళతోపాటే పట్టాళంలో చేరిన మనిషి ఆయన. అమ్మ పోయాక వచ్చిన తొలి చలికాలం ఒక్కరే ఉండకూడదని జనవరిలో నా దగ్గరికి రప్పించుకున్నాను. బెర్లిన్‌లో ఏం చూస్తారు నాన్నా అని అడిగితే ఆలోచించకుండా ఈ శ్మశానం పేరు చెప్పారు. పాత రెజిమెంట్ స్నేహితుడెవరో చెప్పాడట.

ఆదివారం పొద్దున్న టిఫిన్ చేసి, షుగర్ మాత్ర వేసుకుని బయల్దేరారు. గ్లిమిపిరైడ్, ఏళ్ళ తరబడి వాడుతున్నదే. పన్నెండింటికల్లా వ్యూన్స్‌డోర్ఫ్ చేరి, అక్కడ భోంచేసి నడవాలని అనుకున్నాం. రైలు సగం దారిలో ఆగిపోయింది. పట్టాల మీద పనులన్నారు, దింపేశారు, బస్సు వస్తుందన్నారు. ఆ బస్సు కోసం చలిలో చాలాసేపు నిలబడ్డాం. వచ్చిన బస్సు ప్రతి స్టేషన్ ముందూ ఆగుతూ వెళ్ళింది. దిగేసరికి స్టేషన్ దగ్గరి బేకరీ మూసేసి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆ ఊళ్ళో వేడిగా తినడానికి మాకేమీ దొరకలేదు. నా బ్యాగులో ఉన్న బ్రెడ్ ముక్క చెరి సగం తిన్నాం. తిరిగి వెళ్ళిపోదామన్నాను. "ఇంత దూరం వచ్చి వాళ్ళని చూడకుండా పోతామా అమ్మా" అన్నారు.

బస్సులో ఉన్నంతసేపూ నాకు తెలిసిన చరిత్ర ఆయనకు చెబుతూనే ఉన్నాను. 1915లో జర్మన్లు ఇక్కడ అర్ధచంద్ర శిబిరం పెట్టారు. ముస్లిం ఖైదీలనూ, భారతీయ ఖైదీలనూ ఈ ప్రాంతంలో ఉంచి, బ్రిటిష్ వాళ్ళ మీదికి తిప్పాలన్నది పథకం. ఖైదీల కోసం చెక్కతో మసీదు కట్టారు. జర్మన్ గడ్డ మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు అదే. బెర్లిన్‌లో ఉన్న మన విప్లవకారుల కమిటీ కూడా వీళ్ళ మధ్య ప్రచారం చేసింది. ఆ కమిటీని నడిపిన వాళ్ళలో వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ ముఖ్యుడు. హైదరాబాదులో పుట్టినవాడు, సరోజినీ నాయుడికి తమ్ముడు. జర్మన్ పండితులు గ్రామఫోన్ యంత్రాలు తెచ్చి ఖైదీల గొంతులు రికార్డు చేసుకున్నారు. ఆ రికార్డులు ఈనాటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయం సేకరణలో ఉన్నాయి. ఇంతమందికి ఇన్ని విధాలుగా పనికొచ్చిన ఆ మనుషులు చలికీ, క్షయకూ రాలిపోయారు. ఇక్కడి వాతావరణం పడటం లేదని 1917లో మిగిలినవాళ్ళలో ఎక్కువమందిని రొమేనియాకు తరలించారు. అంతా విని నాన్న అడిగింది ఒక్కటే: "దుప్పట్లు ఇచ్చారా వాళ్ళకి?"

ఊరు దాటి అడవి దారి పట్టేసరికి నేలంతా సన్నగా మంచు పరుచుకుని ఉంది. ఒకప్పుడు అక్కడ జెహ్రెన్స్‌డోర్ఫ్ అనే పల్లె ఉండేది. సైన్యం సాధనకు మైదానం కావాలని ఆ పల్లెను ఖాళీ చేయించారు. కైజర్ సైన్యం, ఆ తర్వాత హిట్లర్ సైన్యం, ఆ తర్వాత సోవియట్ సైన్యం అక్కడే కాల్పులు నేర్చుకున్నాయి. తూర్పు జర్మనీలో ఉన్న సోవియట్ సేనలన్నిటికీ ముఖ్య కార్యాలయం వ్యూన్స్‌డోర్ఫే. 1994లో వాళ్ళు వెళ్ళిపోయాక గానీ పాడుబడ్డ శ్మశానాన్ని బాగుచేసి, రాళ్ళు కొత్తగా నిలపడం కుదరలేదు. ఇప్పుడా మైదానం రక్షిత అడవి. ట్యాంకులు దున్నేసిన ఇసుకలో బిర్చ్ చెట్లు వాటంతటవే మొలిచాయి. మనిషి అడుగు పెట్టడు కనుక జంతువులకు ఇబ్బంది లేదు. జర్మనీకి తోడేళ్ళు తిరిగొచ్చాక 2000లో తొలి పిల్లలు పుట్టింది కూడా ఇలాంటి చోటే, సాక్సనీలోని సైనిక మైదానంలో. దీన్ని ప్రకృతి విజయం అని రాస్తారు. నాకు ఆ మాట సగమే ఒప్పుదల. అక్కడ అడవి బతికి ఉన్నది మనం దయతలచి వదిలినందుకు కాదు, నేలలో పేలని గుండ్లు ఉన్నందుకు. దారి పొడవునా పసుపుపచ్చ బోర్డులు: ప్రాణాపాయం, దారి దిగవద్దు.

ఒక బోర్డు దగ్గర నాన్న ఆగి, బూటు కొనతో మంచును తోసి నేలను చూశారు. చలికి నేల గడ్డకట్టి, ఎండకు కరిగి, మళ్ళీ గడ్డకట్టే కొద్దీ లోపలున్న ఇనుము ఏటికేడాది పైకి జరుగుతుందని చెప్పారు. నిరుడు లేనిది ఈ ఏడు పైన ఉండొచ్చు. ఆయన సర్వీసులో సగం మందుపాతరలు పెట్టడం, తియ్యడంలోనే గడిచింది.

శ్మశానంలో ఎక్కువ సేపే ఉన్నాం. తెల్లటి రాళ్ళు వరసగా ఉన్నాయి. మతాన్ని బట్టి పైన దేవనాగరిలోనో గురుముఖిలోనో అరబిక్‌లోనో రాత. గూర్ఖా రైఫిల్స్ వాడి రాయి మీద మంచును నాన్న చేతిరుమాలుతో తుడిచారు. ఒకటి తుడిచాక పక్కది తుడవకుండా ఉండలేకపోయారు. ఆ వరస పూర్తిచేసి, అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశారు. అప్పటికే చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. చలి అనుకున్నాను. ఆయనా అదే అన్నారు.

తిరుగుదారిలో వెలుతురు తగ్గింది. జనవరిలో అక్కడ ఐదు లోపే పొద్దు గూకుతుంది. రైళ్ళ సంగతి ఫోన్‌లో చూస్తూ నాలుగడుగులు ముందు నడుస్తున్నాను. వెనక బూట్ల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే దారి మీద నాన్న లేరు. ఆయన అడుగులు ఎడమవైపు తిరిగి బోర్డు పక్కనుంచి బిర్చ్ చెట్లలోకి వెళ్ళాయి. చాలా లోపల, నడుస్తూనే కనిపించారు. మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నారు.

నాన్నా అని అరిచాను. ఆగి నా వైపు తిరిగారు. నన్ను గుర్తుపట్టని చూపు. హిందీలో, గట్టిగా, "లైన్ మే ఆవో" అన్నారు. నా ఒళ్ళు చల్లబడింది. నాతో జన్మలో హిందీ మాట్లాడని మనిషి. షుగర్ పడిపోయిందని అప్పుడు అర్థమైంది. పొద్దున వేసుకున్న మాత్ర పనిచేస్తూనే ఉంది, కడుపులో తిండి లేదు, పైన చలి, నడక.

112కు చేశాను. అవతల మాట్లాడినామె వచ్చే దారిలో ఆకుపచ్చ బోర్డు చూశారా, దాని మీద నంబరుందా అని అడిగింది. జర్మనీ అడవుల్లో అంబులెన్సుకు చోటు తెలియడానికి అలాంటి బోర్డులు పెడతారు. వచ్చేటప్పుడు అలాంటి బోర్డు చూసి ఇదేమిటని నాన్న అడిగితే ఫోటో తీసి ఉంచాను, నంబరు చదివాను. మనుషులు బయల్దేరారంది. మీరు మాత్రం దారి దిగకండి, అది గుండ్లున్న నేల, అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఎంతసేపు పడుతుందంటే అరగంట అంది. ఆమె తన పని సక్రమంగా చేసింది. నేను ఫోన్ పెట్టేశాను.

అరగంటలో ఆయన పడిపోతారు. పడకపోతే ఇంకా లోపలికి వెళ్తారు. రెండూ నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

నా చిన్నప్పుడు సెలవులకొచ్చినప్పుడు ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. ముందువాడు కాలు పెట్టిన చోటే వెనకవాడు కాలు పెట్టాలి, పక్కన వేలెడు కూడా వద్దు. మంచులో ఆయన అడుగులు స్పష్టంగా ఉన్నాయి. పదో నంబరు బూటు, మడమ దగ్గర అరిగిన గుర్తు. బ్యాగు ఛాతీకి కట్టుకుని మొదటి గుర్తులో కాలు పెట్టాను. ఆయన అంగ నాకు పెద్దది. ప్రతి అడుగుకూ ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు గాలిలో చాపి, ఆ గుంటలోకి దించాల్సి వచ్చింది. తూలితే చెట్టు పట్టుకోలేను, చెట్టు నా దారిలో లేదు. ఒకచోట ఆయన కాలు జారి మంచు చెదిరిపోయింది, ఏది అడుగో తెలియలేదు. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. దూరంగా ఏదో రోడ్డు మీద కార్లు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. భయమంటే గుండె కొట్టుకోవడం అనుకునేదాన్ని. అప్పుడు నాకు భయం అరికాళ్ళలోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

దగ్గరికి చేరేసరికి ఆయన నుదురంతా చెమట. ఆ చలిలో చెమట బొట్లు కనుబొమల మీంచి కారుతున్నాయి. బ్యాగులో ఉన్న యాపిల్ జ్యూస్ సీసా తీసి నోటి దగ్గర పెట్టాను. తోసేశారు. కొంత ఒలికిపోయింది. నాన్నా తాగండి అంటే వినిపించుకోలేదు. కాలు కదిపి ఇంకో అడుగు వెయ్యబోయారు. కోటు రెండు చేతులా పట్టుకుని నాకొచ్చిన హిందీలో, "సాబ్, చాయ్" అన్నాను. ఆగారు. చెయ్యి చాపి సీసా అందుకున్నారు. వేడి గ్లాసు పట్టుకున్నట్టు రెండు చేతుల మధ్య పట్టుకుని కొద్దికొద్దిగా తాగారు. జేబులో ఉన్న చాక్లెట్ చలికి రాయిలా ఉంటే నా నోట్లో మెత్తబరిచి ఆయన నోట్లో పెట్టాను. తర్వాత ఆయనను కదలనివ్వకుండా పట్టుకుని అలాగే నిలబడ్డాను. కూర్చోబెట్టడానికి ఆ నేలను నమ్మలేదు.

కొంతసేపటికి, "ఎక్కడున్నామమ్మా?" అని తెలుగులో అడిగారు. చుట్టూ చూసి, దారి ఎక్కడుందో చూసి, ఆయనకే అర్థమైంది. ఇంకేమీ అడగలేదు. "నువ్వు ముందు, వచ్చిన అడుగుల్లోనే" అన్నారు. గొంతు బలహీనంగా ఉన్నా అది ఆజ్ఞే. చీకటిలో ఫోన్ లైటు వేసుకుని వచ్చిన గుర్తుల్లోనే వెనక్కి నడిచాం. చెదిరిపోయిన చోటికి రాగానే నన్ను ఆపి, మోకాళ్ళ మీద వంగి, లైటు పక్కవాటంగా పట్టించి చూసి, "కుడి కాలు ఇక్కడ" అని చూపించారు.

దారి ఎక్కాక నా కాళ్ళు నిలవలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి వేలు గుచ్చి చూస్తే, అంత జ్యూస్ తాగాక కూడా షుగర్ 58. ఈ రకం మాత్ర ఒంట్లో చాలాసేపు పనిచేస్తుంది, తేరుకున్నాక మళ్ళీ పడిపోవచ్చని ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి గంట గంటకూ చూశారు. ఆ మాత్ర మార్పించాం. ఇప్పుడు ఆయన ప్రతి చొక్కా జేబులోనూ గ్లూకోజ్ బిళ్ళలున్నాయి, నా ప్రతి బ్యాగులోనూ ఉన్నాయి. షుగర్ మాత్రలు వాడే అమ్మానాన్నలను ఇక్కడ రైళ్ళలో తిప్పే మనవాళ్ళందరికీ ఇది చెబుతున్నాను. ఇక్కడి రైలును నమ్మి భోజనం వేళ పెట్టుకోకండి.

మర్నాడు ఆసుపత్రి మంచం మీద నాన్న జరిగిందంతా నా చేత చెప్పించుకున్నారు. ఆయనకు శ్మశానం దాకానే గుర్తుంది. చివరికి కోపంగా, "మనిషి లోపల చిక్కుకుంటే వెనకవాడు ఆగిపోవాలి. ఇద్దరు పోవడం కన్నా ఒకడు పోవడం మేలు. మాకు మొదటిరోజు నేర్పేదే అది" అన్నారు. నేను ఆగేదాన్ని కాదని చెప్పాను. తప్పన్నారు. కాదన్నాను. ఇప్పటికీ ఫోన్‌లో ఆ మాటొస్తే ఆయన తప్పనే అంటారు, నేను కాదనే అంటాను.